నాటేదాన్నే గాని నాటుదాన్ని కాను

పొలం గట్టు ఎక్కే ముందు చెప్పులు విప్పడమనే అలవాటు మానవజాతిలో ఎప్పుడు మొదలైందో చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. నిప్పు రాజేసింది ఎప్పుడో, చక్రం దొర్లించింది ఎప్పుడో తేల్చి, లావుపాటి గ్రంథాలు రాసి, ఒకరినొకరు తిట్టుకుని, సన్మానాలు కూడా చేయించుకున్నారు గాని, ఈ ఒక్క విషయం దగ్గర మాత్రం చేతులు కట్టుకు కూర్చున్నారు. ఆ లోటు పూడ్చే బరువు ఇప్పుడు మన నెత్తిన పడింది. కాదనడానికి వీల్లేదు.

ఒక వంకాయ తోట. తోటకి నీళ్ళు తెచ్చే పైపు మలుపు తిరిగే చోట ఒక బండరాయి. ఒక నడివయసు ఆవిడ ప్రతి ఉదయం అక్కడ ఆగి, చెప్పులు విప్పి, రెంటినీ ఒకదానికొకటి తట్టి దుమ్ము రాల్చి, ప్లాస్టిక్ సంచీలో పెట్టి, సంచీ మూతి ముడేసి, బండ నీడలో భద్రంగా ఉంచుతుంది. ఆ తరవాతే తోటలో కాలు పెడుతుంది. పని అయ్యాక కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, ముడి విప్పుతుంది. ఈ తతంగం మూలంగా ఒక దేశపు ఆహార విధానం మీద జరిగిన పెద్ద వాదం కొన్నాళ్ళు ఊగిసలాడింది. అతిశయోక్తి అనుకునేవాళ్ళు చివరిదాకా చదివి, అప్పుడు అనుకోవచ్చు.

ఆవిడని వీధి మొత్తం చెప్పులత్త అంటుంది. చాటుగా కాదు, మొహం మీదే అంటుంది. ఆవిడ నొచ్చుకోదు. "ఆ పేరు పెట్టినవాడి చెప్పులు చూశారా? ఒక పక్కకి అరిగి, మనిషే ఒరిగిపోతున్నాడు" అంటుంది. బజారుకి ఒక జత, పెరట్లోకి ఒక జత, వంటింట్లోకి ఒక జత ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉంటాయి. వంటింటి జతతో పెరట్లోకి వెళ్ళినవాళ్ళకి ఆ ఇంట్లో ఆ పూట మర్యాద దొరకదు. బురదలో మాత్రం చెప్పులు వేసుకోదు. బురద చెప్పుని పట్టి లాగుతుంది, పట్టీ తెగుతుంది. అంచేత తోటలో వట్టి కాళ్ళే. అది ఆవిడ లెక్కలో చెప్పులు లేకపోవడం కాదు, చెప్పుల్ని కాపాడుకోవడం.

భర్త ఇళ్ళకి రంగులు వేస్తాడు. పెయింటరు మామ. ఊళ్ళో ఏ ఇంట్లో ఏ రంగు మిగిలినా అది మామ ఇంటికి చేరుతుంది. అందుకని ముందుగోడ బ్యాంకు రంగు, పక్కగోడ బడి రంగు, మెట్లు ఎవరో షావుకారు గారి పూజగది రంగు. మాటలు కూడా ఆయన అలాగే వాడతాడు. పైవాళ్ళ దగ్గర ఖర్చు పెట్టగా మిగిలితే ఇంట్లో ఒకటో రెండో వేస్తాడు. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. గోళ్ళలో గ్రీజు, జేబులో దువ్వెన. ఆవిడ తమ్ముడికి బజార్లో విత్తనాల కొట్టు. ఏ పంటకి ఏ విత్తనం వెయ్యాలన్న విషయంలో చెప్పులత్త విధానం చాలా సరళం. తమ్ముడు ఇచ్చింది వేస్తుంది. మొలిస్తే తన చెయ్యి మంచిది, మొలవకపోతే తమ్ముడు వెధవ.

ఇలా సాఫీగా సాగిపోతున్న సంసారంలోకి విజ్ఞానశాస్త్రం ప్రవేశించింది. పురుగు పట్టని వంకాయ విత్తనం ఒకటి ప్రయోగశాలలో తయారైందని, దాన్ని పొలాల్లోకి వదలాలా వద్దా అని పెద్దలు వాదించుకోవడం మొదలుపెట్టారు. జన్యుమార్పిడి వంకాయ అని దానికి పేరు. వద్దన్న పక్షంలోనూ, కావాలన్న పక్షంలోనూ చదువుకున్నవాళ్ళున్నారు, మంచివాళ్ళున్నారు. రెండు వైపులా కారణాలూ ఉన్నాయి. అయితే కారణాలని గోడకి అంటించలేం. గోడకి మొహం కావాలి.

వద్దన్న పక్షానికి పెద్దదిక్కు గుడ్డసంచీ ఆవిడ. ఎక్కడికెళ్ళినా భుజాన ముతక గుడ్డసంచీ ఉంటుంది, అందులో ఇంకో గుడ్డసంచీ ఉంటుంది. ఆవిడ ఒక ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని వ్యానులో వచ్చి, విత్తనాల కొట్టు దగ్గర దిగి, "నిజమైన రైతు మహిళ కావాలి, ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. తమ్ముడు బేరం చేస్తూ చెయ్యి తోట వైపు చూపించాడు. ఆ తరవాత చాలా రోజులు ఆ చెయ్యిని అక్క కళ్ళబడకుండా దాచుకు తిరిగాడు.

ఫొటోగ్రాఫరు తోటలోకి వచ్చీరాగానే నీళ్ళ పైపు మీద కాలేసి నిలబడ్డాడు. నీళ్ళు ఆగాయి. ఎక్కడ ఆగాయో తెలియక చెప్పులత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని, నొసలు ముడేసి, సాలు పొడవునా దూరంగా చూసింది. అతను ఆ చూపు పట్టాడు. "నాయనా, నువ్వు తొక్కుతున్నది మా పైపు" అని ఆవిడ అనేసరికి కంగారుపడి వెనక్కి అడుగేశాడు. వెనక తడి సాలు ఉంది. చల్లగా కూలబడ్డాడు. చెప్పులత్త పక్షపాతం లేకుండా పగలబడి నవ్వింది. అతను వృత్తిధర్మం తప్పనివాడు, బురదలో కూర్చునే ఆ నవ్వునీ పట్టాడు. కింద నుంచి తియ్యడంతో ఆవిడ ఆకాశమంత ఎత్తున వచ్చింది. వట్టి పాదాలు కూడా దగ్గరగా, స్పష్టంగా, బురదతో సహా వచ్చాయి. తిరిగి వెళుతూ గట్టు అవతల ఉన్న ఒక చిన్న గడ్డి పాకని కూడా ఫొటో తీసుకున్నారు.

ఫొటోగ్రాఫరు ఏ పక్షంవాడూ కాడు. నవ్విన ఫొటో గుడ్డసంచీ ఆవిడకి ఇచ్చాడు. నొసలు ముడేసిన ఫొటో కావాలన్న పక్షానికి ఇచ్చాడు. ఆ పక్షానికి నాయకుడు స్లైడ్లాయన. తెర, లాప్‌టాప్, చేతిలో ఎర్రచుక్క పడే దీపం లేకుండా ఆయన తన పేరు కూడా చెప్పుకోలేడని ప్రతీతి.

ఊరంతా రెండు రకాల బోర్డులు లేచాయి. ఒకదాని మీద చెప్పులత్త నవ్వుతోంది. వెనక గడ్డి పాక. కింద పెద్ద అక్షరాలు: "ఆమెకు ఏమీ లేదు. అన్నీ ఉన్నాయి." ఇంకోదాని మీద రంగులు తీసేసి, నలుపు తెలుపుల్లో, నొసలు ముడేసిన చెప్పులత్త. కింద: "ఆమె ఇంకా ఎదురుచూస్తోంది." ఏ ఎరువు కోసమో, ఏ విమోచన కోసమో చూసేవాళ్ళు ఊహించుకోవాలి. ఆవిడ ఎదురుచూసింది పైపు మీంచి కాలు తియ్యడం కోసమని ఊహించినవాళ్ళు మాత్రం లేరు.

ఆవిడ వాటిని మొదటిసారి చూసింది బస్సులోంచి, కొడుకు పక్కన కూర్చుని.

"ఒరేయ్! అది నేనేరా!"

"నువ్వేనమ్మా."

"కాళ్ళు చూడు. కాళ్ళు చూడరా! ఊరందరి ముందూ చెప్పుల్లేకుండా నిలబెట్టారు నన్ను!"

"కింద రాసింది చదివావా?"

"చదవకేం. ఏమీ లేదుట. రాసినవాడి ఇంట్లో ఫ్రిజ్ ఉందో లేదో గాని మనింట్లో ఉంది. నిన్ననేగా దానికి రబ్బరు మార్పించాం!"

బస్సులో ఒక ముసలాయన తల తిప్పి బోర్డునీ, ఆవిడనీ మార్చి మార్చి చూసి, లేచి సీటు ఇవ్వబోయాడు. ఆవిడ అప్పటికే కూర్చుని ఉందన్న సంగతి గమనించి, చేసేదేం లేక చేతిలో ఉన్న అరటిపండు ఇచ్చాడు. చెప్పులత్త జీవితంలో అంత అవమానం పడలేదు. అరటిపండు కొడుకు తిన్నాడు.

ఇంతవరకూ అయితే తిట్టుకుని ఊరుకునేదే. కాని నవ్వుతున్న బోర్డుల్లో అన్నిటికన్నా పెద్దది, వెదురు బొంగులు పాతి, రోడ్డు వైపుకి తిప్పి కట్టింది, సరిగ్గా దర్జీ దుకాణం ముందు ఉంది. ఆ దర్జీ కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. ఆ అమ్మాయిని కొడుక్కి చేసుకోవాలని చెప్పులత్త మనసు పడింది. పిల్ల మాట నెమ్మది, నవ్వు నిదానం, అన్నిటికీ మించి తను మందుల షాపుకి వెళ్ళినప్పుడు తన చెప్పుల వైపు చూసి "బావున్నాయండీ, ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. కొడుకు అయితే ఆ షాపులో తలనొప్పి మాత్రలు కొని కొని, నిజంగా తలనొప్పి వస్తే వేసుకోవడానికి భయపడే స్థితికి వచ్చాడు. తమ్ముడు మధ్యవర్తిగా మాట్లాడాడు. దర్జీ దంపతులు సరే చూద్దాం అన్నారు, ఫోను చేస్తామన్నారు. బోర్డు లేచింది. ఫోను రాలేదు.

"ఏదీ లేని ఇంటికి పిల్లనెవరిస్తారయ్యా?" అంది చెప్పులత్త.

పెయింటరు మామ ఆలోచించి, "అన్నీ ఉన్నాయని కూడా రాశారుగా" అన్నాడు. ఆ వారానికి ఆయన మాటలు అయిపోయాయి.

తమ్ముడిని పిలిచి దర్జీకి ఫోను చేయించింది. అతను ఫోను స్పీకరులో పెట్టి, "నమస్కారమండీ, మా మేనల్లుడి విషయం..." అన్నాడు. అవతల్నించి "ఊఁ" అని వినిపించింది. "మరి ఎప్పుడు కలుద్దామంటారు?" అంటే మళ్ళీ "ఊఁ... ఊఁ" అని వినిపించి, ఫోను పెట్టేసిన చప్పుడు అయింది.

ఆ "ఊఁ" మీద ఆ ఇంట్లో జరిగిన చర్చ జన్యుమార్పిడి మీద జరిగిన చర్చకి ఏమాత్రం తీసిపోదు. సరే అనే "ఊఁ" పొట్టిగా ఉంటుందని తమ్ముడు వాదించాడు. వింటున్నాననే "ఊఁ" ముక్కులోంచి వస్తుందని కొడుకు అన్నాడు. "ఇది సాగింది. సాగిన ఊఁ అంటే ఒప్పుకోనని అర్థం. రెండోసారి అన్నాడు చూడు, అందులో జాలి కూడా ఉంది" అని చెప్పులత్త తీర్పు చెప్పింది.

"పోనీ నేను ఆ అమ్మాయినే అడుగుతానమ్మా. రోజూ షాపులో ఉంటుందిగా."

"నోరు ముయ్యి. పెద్దవాళ్ళ మాటల మధ్య పిల్లలు దూరితే ఆ సంబంధం మరీ పలచబడుతుంది."

కొడుకు నోరు మూసుకున్నాడు. అతను గనక ఆ రోజు తల్లి మాట వినకపోయి ఉంటే ఈ చరిత్ర ఇక్కడితో ముగిసేది. పెద్దల మాట వినే పిల్లల వల్ల చరిత్రకి పేజీలు పెరుగుతాయి.

మర్నాడు ఆవిడ బజారు చెప్పులు వేసుకుని గుడ్డసంచీ ఆవిడ ఆఫీసుకి వెళ్ళింది. ఆఫీసు నిండా చాపలు, ఎండు జొన్నకంకులు, గోడకి ఒక పాత నాగలి. గుడ్డసంచీ ఆవిడ ఎదురొచ్చి, రెండు చేతులూ పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవి నిజమైన కన్నీళ్ళు. అందులో అనుమానం లేదు.

"అమ్మా! మీరే వచ్చారా! మీ ఫొటో చూసి మా వాళ్ళంతా ఏడ్చారు. ఎంత ప్రశాంతత మీ మొహంలో!"

"మీవాడు బురదలో పడితే నవ్వానమ్మా."

"ఆ నవ్వే! ఆ నవ్వు మాకెక్కడిది? మాకు అన్నీ ఉన్నాయి, నవ్వు లేదు."

టీ మట్టి కప్పులో వచ్చింది. చెప్పులత్త ఒక గుక్క తాగి, "గాజు గ్లాసు లేదా? ఇది పెదవికి గీసుకుంటోంది" అంది. గాజు గ్లాసు లేదు. గాజు గ్లాసుల్ని వాళ్ళు సిద్ధాంతరీత్యా మానేశారు.

"ఆ ఫొటోలో గుడిసె ఎవరిది?" అని చెప్పులత్త అసలు విషయానికి వచ్చింది.

"మీదే కదమ్మా?"

"అది మా పక్కింటివాళ్ళ మేకలది."

గుడ్డసంచీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "అయినా ఎంత అందంగా ఉందో చూడండి. మట్టి, గడ్డి, ప్రకృతిలో కలిసిపోయి..."

"మేకలకే నచ్చలేదు తల్లీ. వాన పడిందంటే వచ్చి మా వరండాలో పడుకుంటాయి."

"మీకు తెలియడం లేదుగాని, మీలో ఉన్న ఆ సహజత్వమే మా బలం. మీరు అసలు సిసలు నాటు మనిషి. నాటు విత్తనం లాగే."

గుడ్డసంచీ ఆవిడ ఉద్దేశంలో "నాటు" అన్న మాట ఒక బిరుదు. కల్తీ లేనిది, ఈ నేలదే అయినది, పవిత్రమైనది. పుస్తకాల్లో ఆ మాట ఎప్పుడు వచ్చినా ఆవిడ కింద గీత గీసుకుంటుంది. చెప్పులత్త ఉన్న వీధిలో మాత్రం ఆ మాట సారాకి ముందు వాడతారు, బాంబుకి ముందు వాడతారు. చదువు అబ్బని వైద్యుడికి ముందు వాడతారు. సంబంధం చూడ్డానికి వెళ్ళి వచ్చి "మరీ నాటుగా ఉన్నారు" అన్నారంటే ఆ సంబంధం అక్కడితో ఆఖరు.

చెప్పులత్త కప్పు కింద పెట్టింది. "నాటా? నేనా?"

"అవునమ్మా! నూటికి నూరు పాళ్ళూ!"

"ఆ ముక్క కూడా బోర్డు మీద రాస్తారా ఏమిటి?"

"తప్పకుండా! తరవాతి బోర్డు అదే!"

ఆవిడ లేచింది. బోర్డు తీసెయ్యమని అడగడానికి వచ్చిన మనిషికి ఇంకో బోర్డు వాగ్దానం దొరికింది. గుమ్మం దాకా సాగనంపుతూ గుడ్డసంచీ ఆవిడ చెప్పింది, వచ్చే శుక్రవారం టౌను హాల్లో ప్రజాభిప్రాయ సభ ఉందని, రెండు పక్షాలూ వస్తాయని, ఆవిడ వచ్చి రెండు మాటలు మాట్లాడితే ఊరంతా వింటుందని.

"ఊరంతానా? దర్జీలు కూడా వస్తారా?"

"అన్ని చేతివృత్తులవాళ్ళూ వస్తారమ్మా" అంది గుడ్డసంచీ ఆవిడ, కళ్ళు మళ్ళీ చెమరుస్తుండగా.

శుక్రవారం చెప్పులత్త పెట్టెలోంచి మంచి బట్టలు తీసింది. చెప్పులు కొత్తవి. మడమ దగ్గర చిన్న ఎత్తు, పట్టీ మీద ఇత్తడి పువ్వు. పెయింటరు మామ చేతికి కూడా రంగు అంటకుండా వచ్చాడు. కొడుకు డిపోలో సెలవు పెట్టి ఆఖరు వరసలో తల వంచుకు కూర్చున్నాడు. హాల్లో పంకాలు తిరుగుతున్నాయి గాని గాలి ఏ పక్షానికీ రావడం లేదు. వేదిక మీద ఒక పక్క గుడ్డసంచీ ఆవిడ, ఇంకో పక్క స్లైడ్లాయన. ఇద్దరి వెనకా చెప్పులత్తే, ఒకచోట నవ్వుతూ, ఒకచోట దిగులుగా. అసలు మనిషి హాల్లోకి వస్తుంటే రెండు పక్షాలూ, మా ఆవిడ వచ్చిందంటే మా ఆవిడ వచ్చిందని పోటీపడి అరిచాయి.

వేదిక మెట్ల దగ్గర ఫొటోగ్రాఫరు అడ్డం పడ్డాడు. "అమ్మా, ఒక్క ఫొటో. చెప్పులు ఓ పక్కన విడిస్తే... బోర్డులో ఉన్నట్టు వస్తుంది."

"ఎందుకు విడవాలి?"

"జనం మిమ్మల్ని గుర్తుపట్టాలి కదమ్మా."

ఆవిడకి నిజంగా కోపం వచ్చింది. ఆ కోపానికి ఒక కథ ఉంది. దాన్ని ఆవిడ ఎవరికీ ముచ్చటగా చెప్పదు. చిన్నప్పుడు అక్కకీ తనకీ కలిపి ఒక్క జత చెప్పులు ఉండేవి. ఊరికి వెళ్ళే పని ఎవరికి పడితే వాళ్ళు వేసుకోవాలి, రెండోవాళ్ళు ఇంట్లో ఉండాలి. ఇద్దరికీ పని పడ్డ రోజు ఒకళ్ళు ఎండలో కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ నడిచేవాళ్ళు. ఆ ఇంట్లో తల్లి ఆఖర్న గిన్నె గోక్కుంటూ "నాకు ఆకలిగా లేదు" అనేది. అది అబద్ధమని పిల్లలకి తెలుసు. తెలిసినా తినేవాళ్ళు, ఆకలి కాబట్టి. ఆ రోజుల్లో ప్రశాంతత ఎక్కడా ఉన్నట్టు చెప్పులత్తకి గుర్తులేదు. గడ్డి కప్పు కారడం గుర్తుంది. లేమి సంగతి ఆవిడకి బోర్డు రాసినవాళ్ళ కన్నా దగ్గరగా తెలుసు, అందుకే అది తన మొహం మీద రాసుండటం ఇష్టం లేదు.

"నాయనా," అంది ఫొటోగ్రాఫరుతో, "ఆ రోజు పైపు మీంచి కాలు తియ్యమంటే తీశావు. ఇప్పుడు దారిలోంచి కూడా తియ్యి."

అతను పక్కకి తప్పుకున్నాడు. చెప్పులు టకటకమంటూ వేదిక ఎక్కాయి.

స్లైడ్లాయన ముందుగా మైకు అందుకున్నాడు. "అమ్మా, మీ వంకాయకి పురుగు పడుతుందా?"

"పడుతుంది."

కావాలన్న పక్షం చప్పట్లు కొట్టింది.

"అప్పుడేం చేస్తారు?"

"తిడతాను."

వద్దన్న పక్షం చప్పట్లు కొట్టింది. "సహజ పద్ధతి!" అని ఎవరో అరిచారు.

"అంతేనా?"

"ఆ తరవాత మా ఆయన మందు కొడతాడు. కొట్టొచ్చి రెండు రోజులు దగ్గుతాడు."

కావాలన్న పక్షం మళ్ళీ చప్పట్లు కొట్టింది. పెయింటరు మామ, తన దగ్గుకి జనం చప్పట్లు కొట్టడం మొదటిసారి కావడంతో, లేచి నిలబడి దండం పెట్టి కూర్చున్నాడు.

"అయితే జన్యుమార్పిడి గురించి మీరేమంటారు?" స్లైడ్లాయన స్వరం దయతో మెత్తబడింది.

చెప్పులత్త ఆలోచించింది. మార్పిడి అన్న మాట ఆవిడకి బాగా తెలుసు. పాత గిన్నెలిస్తే కొత్త గిన్నె ఇచ్చేవాళ్ళ దగ్గర ఆవిడతో బేరానికి ఆ చుట్టుపక్కల ఎవరూ నిలవలేరు. "మార్పిడికి మేం ఏమివ్వాలి? పాత తోట పీక్కుపోతారా? పైన ఏమైనా వేస్తారా?"

హాలు గతుక్కుమంది. స్లైడ్లాయన ఎర్రచుక్కని తెర మీదున్న గింజ బొమ్మ వైపు తిప్పాడు. ఆయన ఓపిగ్గా, గింజ లోపలి గుణం మారుస్తారని, ఇచ్చిపుచ్చుకోవడం ఏమీ లేదని వివరించాడు. "ఓహో, ఊరికే ఇస్తారా!" అంది ఆవిడ. ఊరికే కూడా కాదని చెప్పడానికి ఆయనకి ఇంకో స్లైడు కావలసి వచ్చింది, అది ఎంతకీ తెరుచుకోలేదు.

గుడ్డసంచీ ఆవిడ మైకు లాక్కుంది. "అమ్మా, మీరే చెప్పండి. మీకు ఇవేవీ అక్కర్లేదు కదూ? ఉన్నదానితో హాయిగా ఉన్నారు కదూ?"

"విత్తనం సంగతి నన్నడక్కండి, మా తమ్ముణ్ణి అడగండి. వాడు ఏదిస్తే అది వేస్తాను. అదుగో, స్తంభం వెనక దాక్కున్నాడు." తమ్ముడు స్తంభం వెనక మరింత సన్నబడ్డాడు. "నేనొచ్చింది వంకాయ గురించి కాదు."

రెండు పక్షాలూ ముందుకి వంగాయి. చెప్పులత్త మైకుని తన ఎత్తుకి దించమని చెప్పి, దించాక గొంతు సవరించుకుంది. మైకు కీచుమంది. ఆవిడ మైకు వైపు ఒక్క చూపు చూసింది. అది ఊరుకుంది.

"ఈ ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉన్నారు. పేరు చెప్పను, ఆడపిల్ల విషయం. ఆయన ఇక్కడుంటే వినాలి, లేకపోతే విన్నవాళ్ళు చెప్పాలి. మాకు ఏమీ లేదని వీళ్ళు రాశారు. ఆకలితో ఎదురుచూస్తున్నానని వాళ్ళు రాశారు. మాకు పొయ్యి మీదికి లోటు లేదు. రెండు పూటలా వండుతాను, మిగిలితే మేకలకి పెడతాను. మేకలు మావి కావు. ఆ పాక కూడా మాది కాదు, మేకలది. మాది స్లాబు వేసిన ఇల్లు, స్నానాలగదికి టైల్సు ఉన్నాయి. గోడలు ఒక్కోటీ ఒక్కో రంగు, అది మా ఆయన చేతి పని, దానికి నేనేం చెయ్యను? మా వాడు డిపోలో పర్మనెంటు. మేం గొప్పవాళ్ళం కాం. వాన రాకపోతే కష్టమే, ధర పడితే కష్టమే, మోకాళ్ళు నాకు రోజూ కష్టమే. అంతమాత్రాన అందరూ చూసి ఏడవడానికి లేం. ముచ్చటపడ్డానికీ లేం. నన్ను నాటు మనిషి అన్నారు." ఆవిడ ఆగి, చెప్పుల వైపు ఒకసారి చూసుకుంది. "నేను నాటేదాన్నే గాని నాటుదాన్ని కాను."

హాలు దద్దరిల్లింది. రెండు పక్షాలూ ఒకేసారి, ఒకే మనిషికి, లేచి నిలబడి చప్పట్లు కొట్టడం ఆ వాదం మొదలయ్యాక అదే మొదటిసారి. కొడుకు తల ఎత్తాడు. పెయింటరు మామ పక్కవాడితో "మా ఆవిడ" అన్నాడు. అది ఆయన వచ్చే వారం కోటాలోంచి వాడిన మాట.

దిగి వచ్చి చెప్పులత్త మొదట అడిగింది ఒకటే. "ఏరా, దర్జీ గారొచ్చారా?"

కొడుకు హాలంతా వెతికి వచ్చాడు. రాలేదు.

కొత్త బోర్డులు త్వరగానే వచ్చాయి. గుడ్డసంచీ పక్షం బోర్డు మీద చెప్పులత్త చెయ్యెత్తి నిలబడి ఉంది, కింద "నాటేదాన్నే" అని మట్టిరంగు అక్షరాలు. స్లైడ్ల పక్షం బోర్డు మీద అదే చెయ్యి, అదే నోరు, కింద "నాటుదాన్ని కాను" అని నీలం అక్షరాలు. "గాని" అన్న మాట ఏ పక్షానికీ పనికిరాలేదు. అది ఎక్కడా కనిపించలేదు. ఫొటో ఇద్దరూ నడుం దాకానే వాడారు.

"ఈసారి కాళ్ళే లేకుండా చేశారు!" అంది చెప్పులత్త. గొంతులో పౌరుషం మాత్రం తగ్గింది. వంటింట్లో గిన్నెలు అనవసరంగా తోముతోంది. ఫోను ఛార్జింగు పెట్టి ఉందో లేదో చూడమని కొడుక్కి చెబుతోంది, చూశానంటే మళ్ళీ చూడమంటోంది. మందుల షాపు ఉన్న వీధిలోంచి కాకుండా చుట్టు తిరిగి బజారుకి వెళ్ళి వస్తోంది. "ఆ పిల్ల నవ్వు బావుంటుందయ్యా" అని ఒకసారి పెయింటరు మామతో అని, ఆయన ఏదో అనబోతుంటే, "వద్దులే, దాచుకో" అంది.

ఆదివారం ఉదయం గుమ్మం ముందు ఆటో ఆగింది. దర్జీ, ఆయన భార్య దిగారు. చెప్పులత్త పెరటి చెప్పులతో ముందుగదిలోకి పరిగెత్తుకొచ్చింది. వచ్చాక ఆ సంగతి గమనించుకుంది, కాని అప్పటికే "రండి అన్నయ్యగారూ, రండి వదినగారూ" అనేసింది, వెనక్కి వెళ్ళడానికి లేదు. దర్జీ నాలుగు గోడల వైపూ చూసి, వృత్తిరీత్యా ఒక్కొక్క రంగు దగ్గరా కాసేపు ఆగి, కూర్చున్నాడు.

కొడుకు మంచినీళ్ళు తెచ్చాడు. కాసేపు ఎండల గురించి మాట్లాడుకున్నారు. చెప్పులత్త ఇక ఆగలేకపోయింది.

"అన్నయ్యగారూ, దాపరికం ఎందుకు? ఆ బోర్డు చూసి మీరు వెనకాడారని నాకు తెలుసు. అందులో రాసిందంతా..."

"ఏ బోర్డమ్మా?" అన్నాడు దర్జీ, ఒక పక్క నోటితో.

"మీ దుకాణం ముందున్నదే!"

"అదా? మాకు దాని వెనకవైపే కనిపిస్తుంది చెల్లెమ్మా. బొంగులు, మేకులు. మా ఇల్లు దుకాణం వెనకే, సందులోంచి వచ్చి సందులోంచి పోతాం. పొద్దుటి ఎండ మిషను మీద పడకుండా నీడ వచ్చిందిలే అనుకున్నాం. ఏం, ముందువైపు ఏముంది?"

చెప్పులత్త కొడుకు వైపు చూసింది. కొడుకు కిటికీ వైపు చూశాడు. పెయింటరు మామ ఎవరి వైపూ చూడలేదు.

"ఏమీ లేదు" అంది చెప్పులత్త. "మరి ఫోను చెయ్యలేదేం?"

దర్జీ చెప్పడానికి నోరు తెరవబోయి, మొహం చిట్లించి, భార్యకి సైగ చేశాడు.

"దవడపన్ను పీకించుకున్నారు వదినా" అంది ఆవిడ. "నోరు మెదపొద్దన్నాడు డాక్టరు. వాపు తగ్గాక వద్దామని ఆగాం."

వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు.